ఆ మూల నాకొదిలెయ్యమ్మా

అంకుల్ పోయారని నాకు ఆఫీసు పార్కింగ్ లాట్‌లో తెలిసింది. కారు ఆపి బ్యాగు తీసుకోబోతుంటే ఫోన్ మోగింది. మన గ్వెల్ఫ్ ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు. ‘నాన్నగారు ఈ ఉదయం నిద్రలోనే వెళ్లిపోయారు’ అని వాళ్లమ్మాయి పెట్టింది. నేను చూస్తుండగానే దాని కింద జోడించిన చేతులు వరసగా పడుతున్నాయి. ఏప్రిల్ నెల. మంచు కరిగిపోయి, చలికాలమంతా చల్లిన ఇసుకా ఉప్పూ తారు మీద తెల్లగా మిగిలాయి. ఆ తెల్లదనం వైపు చూస్తూ అలాగే కూర్చున్నాను. ఏడుపు రాలేదు. నిజం చెప్పాలంటే ముందు కోపం వచ్చింది. నాతో తేల్చుకోవాల్సింది ఇంకా ఉండగానే వెళ్లిపోయాడు పెద్దమనిషి, అనుకున్నాను.

ఆయన జ్ఞాపకార్థం మన తెలుగువాళ్లం వేస్తున్న ఈ సంచికలో రాయమని నన్ను అడిగింది ఆయన భార్య, మన ఆంటీ. ఉన్నది ఉన్నట్టు రాయమని కూడా ఆవిడే అన్నారు. లేకపోతే నాకింత ధైర్యం చాలేది కాదు. ఆయన మంచితనం గురించి రాసేవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. ఆ మంచితనం నాకూ తెలుసు. మీలో చాలామంది కంటే ఎక్కువే తెలుసేమో. నేను చెప్పబోయేది దాన్ని పక్కన పెట్టి చెప్పగలిగేది కాదు, దాన్ని మాత్రమే చెప్పి ఊరుకోగలిగేదీ కాదు.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు మాటలు. అంకుల్ వంతెనల ఇంజనీరు. రిటైరయ్యేదాకా ఈ రాష్ట్రంలో వంతెనల కింద దూరి, కాంక్రీటు మీద సుత్తితో కొట్టి, చప్పుడు విని, ఇది ఇంకా ఎన్నాళ్లుంటుందో చెప్పడం ఆయన పని. రిటైరయ్యాక ఆ సుత్తి ఆయనతోనే ఉండిపోయింది. మన ఊళ్లో తెలుగువాళ్లెవరైనా ఇల్లు కొన్నారంటే ఆ తరవాతి శనివారం ఆయన బకెట్టు, బ్రష్షులు, జాకెట్ జేబులో ఆ చిన్న సుత్తితో గుమ్మంలో దిగేవారు. అద్దె అపార్ట్‌మెంట్లలో పెరిగి, మేస్త్రీలకి ఫోన్ చేయడం తప్ప తెలియని మా తరానికి ఇల్లు కడుక్కోవడం నేర్పింది ఆయనే.

మేం న్యూజెర్సీ నుంచి ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక ఉగాది పాట్‌లక్‌లో ఆయన పరిచయమయ్యారు. గ్రీన్ కార్డు క్యూలో ముసలివాళ్లం అయిపోతామని భయపడి, కెనడా పీఆర్ రాగానే పెట్టేబేడా సర్దుకొచ్చాం. ఆ తరవాతి చలికాలంలో ఇల్లు వెతుకుతున్నామని తెలిసి ఆయనే ఫోన్ చేశారు.

“ఏమ్మా, మా ఇల్లు అమ్మేస్తున్నాం. మీ ఆంటీకి స్ట్రోక్ వచ్చాక మెట్లు ఎక్కలేకపోతోంది. ఒకే అంతస్తు బంగళా ఒకటి చూసుకున్నాం, ఇక్కడే రెండు వీధుల అవతల. తెలుగువాళ్లకి ఇస్తే నాకు తృప్తి. వచ్చి చూడండి.”

ఫిబ్రవరిలో చూశాం. పసుపు ఇటుకల ఇల్లు. వంటింటి తలుపు తీస్తే వెనకాల చెక్క పలకలతో ఎత్తుగా కట్టిన అరుగులాంటి పెద్ద డెక్, దాని మీద మోకాళ్ల లోతు మంచు. ఇల్లు తనిఖీ చేయడానికి వచ్చినతను డెక్ మంచు కింద ఉంది కాబట్టి చూడలేకపోయానని చెప్పాడు. మావారు అంకుల్‌ని అడిగారు, అది ఎలా ఉందని. ఆయన పెద్దగా నవ్వారు.

“జీవితమంతా ఊరోళ్ల వంతెనలు చూసినవాణ్ణి, నా డెక్ నేను చూసుకోనా? మే నెల రానీ. నేనే వచ్చి కడిగిస్తాను.”

ఆ నవ్వు చూశాక ఇంకేం అడుగుతాం?

అన్నట్టుగానే మే నెలలో వచ్చారు. అప్పటికే మావారు హుషారుగా ప్రెషర్ వాషర్ అద్దెకి తెచ్చి, గొట్టం తగిలించి, షార్ట్స్ వేసుకుని సిద్ధంగా ఉన్నారు. అంకుల్ నేరుగా వెళ్లి దాని ప్లగ్ పీకేశారు.

“దీంతో కొడితే మురికి పోతుంది బాబూ, దానితోపాటు చెక్క తోలు కూడా పోతుంది. రేపు పిల్ల వట్టి కాళ్లతో నడిస్తే పేళ్లు గుచ్చుకుంటాయి. కడగడం వేరు, గీకడం వేరు.”

ఆ రోజు నేర్చుకున్నది నాకు ఇవాళ్టికీ చేతుల్లో ఉంది. డెక్ అంతా బూడిదరంగులో, ముసలాయన జుట్టులా ఉంది. ఎండకి చెక్క పైపొర చచ్చిపోయి అలా నెరుస్తుందట. గోరువెచ్చని నీళ్లలో ఆక్సిజన్ బ్లీచ్ పొడి కలిపి, పలక మీద పోసి, కాసేపు నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో చెక్క గీతలు ఎటు పోతే అటే రుద్దాలి, అడ్డంగా రుద్దకూడదు. బూడిదరంగు నురగ కారిపోతుంది. కడిగాక ఇంకో పొడి కలిపిన నీళ్లు పోశారు. అది చెక్కకి రంగు తెచ్చే ఆమ్లం. చూస్తూ చూస్తూ ఉండగానే దేవదారు చెక్క అసలు రంగు పైకి వచ్చింది, నానిన బాదంపప్పు మీద పొట్టు ఒలిచినట్టు. నేను అరిచినంత పని చేశాను.

“చూశావా? నెరిస్తే తప్పు కాదమ్మా. మెత్తబడితేనే తప్పు. ఎండకి నెరిసింది కడిగితే వదుల్తుంది. నీళ్లకి కుళ్లింది ఎంత కడిగినా వదలదు. ఆ రెండిటికీ తేడా తెలుసుకోవడమే పని.”

తేడా తెలుసుకోవడానికే సుత్తి. పలక మీద తట్టి, తల వంచి వినేవారు. ఖణేల్‌మంటే మంచిది, దబ్‌మంటే లోపల పోయింది. నా చేతికిచ్చి నాచేతా కొట్టించారు. కంచె స్తంభాలు, గరాజ్ తలుపు చట్రం, ముందు వరండా మెట్లు అన్నీ కొట్టించారు. వంటింటి గోడని ఆనుకుని ఉన్న డెక్ మూల దగ్గరికి వచ్చేసరికి మాత్రం సుత్తి తీసేసుకున్నారు.

“ఆ మూల నాకొదిలెయ్యమ్మా. అక్కడ చూరు నీళ్లు పడతాయి, కొంచెం జాగ్రత్తగా చెయ్యాలి. నువ్వు మెట్ల వైపు చూసుకో.”

తరవాత బట్టలు మాసిపోతాయన్నా వినకుండా డెక్ కింద దూరారు. కింద స్కంక్ అనే కంపు జంతువు కాపురం పెట్టిందేమో చూస్తానన్నారు. మా అమ్మాయి తనూ వస్తానని గొడవ చేస్తే, “అది కంపు కొట్టిందంటే వారం రోజులు స్కూల్లో నీ పక్కన ఎవరూ కూర్చోరే” అని బెదిరించారు. అది “ఈవ్, గ్రాస్!” అని పారిపోయింది. ఆయన కింద చాలాసేపు ఉన్నారు. పైకి వచ్చాక మోకాళ్లు దులుపుకుని, “స్కంకులూ లేవు, గింకులూ లేవు” అన్నారు.

ప్రతి మే నెలా అంతే. ఆయన వచ్చేవారు, మేం కడిగేవాళ్లం, ఆ మూల ఆయనే చేసేవారు, ఆయనే కింద దూరేవారు. అదొక పండగలా అయిపోయింది మా ఇంట్లో.

మిగతా ఇల్లు కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇటుకల మీద తెల్లగా పూసిన ఉప్పుని తడిపితే మళ్లీ లోపలికే పోతుంది, పొడి బ్రష్‌తోనే దులపాలి. ఉత్తరం వైపు గోడకి తొడిగిన సైడింగ్ పలకల మీద పచ్చగా పాకిన నాచుని కింద నుంచి పైకి కడగాలి, పై నుంచి మొదలుపెడితే చారలు పడతాయి. గరాజ్ నేల మీద కారు తెచ్చిపోసిన ఉప్పు మరకలకి నీళ్లలో వెనిగర్ చాలు. కంచె చెక్కలో చిన్న గుంట పడితే రంపపు పొట్టులో జిగురు కలిపి కూరి బొటనవేలితో నున్నగా ఒత్తాలి. ఆయన కుడిచేతి బొటనవేలు ఏదో వంతెన మీద నలిగి, పలచగా వెడల్పుగా ఉండేది. అది ఆ పనికోసమే చేసినట్టు ఉండేది.

ఆయన అలవాట్లు మీకూ గుర్తుండే ఉంటాయి. టోపీ కింద తడి జేబురుమాలు. స్టీలు డబ్బాలో పెరుగన్నం, మాగాయ ముక్క. ఎవరింట్లో పని చేసినా వాళ్లు పెట్టిన భోజనం తినకపోవడం. బ్రష్ కడిగి ఆరబెట్టేదాకా టీ ముట్టకపోవడం. “బ్రష్ కడగనివాడికి టీ లేదు” అని మావారిని నిలబెట్టేవారు.

ఆ మావారికి ఒక చలికాలం ఉద్యోగం పోయింది. మనిషి సోఫాలోంచి లేవడం మానేశారు. ఆ వసంతంలో అంకుల్ పొద్దున్నే వచ్చి హార్న్ కొట్టి, “బాబూ, ఒక కంచె ఉంది, నా ఒక్కడి వల్ల కాదు” అని కార్లో ఎక్కించుకుపోయేవారు. ఒకరోజు కంచె, ఒకరోజు ఎవరిదో గాలి తోసేసిన షెడ్డు. నిజానికి ఆ పనులకి ఆయనకి మనిషి సాయం అక్కర్లేదు. మావారు సాయంత్రం ఒళ్లంతా చెక్కకి పూసే స్టెయిన్ మరకలతో వచ్చి ఆకలేస్తోందనేవారు. ఆ మాట విని నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చిన రోజులున్నాయి. ఇవేవీ మర్చిపోలేదు. మర్చిపోగలిగితే ఇదంతా ఇంత కష్టంగా ఉండేది కాదు.

మా అమ్మ కరీంనగర్ నుంచి మొదటిసారి వచ్చింది ఆ తరవాతి వేసవిలోనే. వచ్చిన రెండో రోజుకే అంకుల్‌కీ ఆమెకీ స్నేహం కుదిరింది. ఆయన కోస్తా మాట, ఆమె తెలంగాణ మాట. “అన్నా, మీ గోంగూర ఇక్కడ మొలుస్తదా?” అని ఆమె అడగడం, “మొలుస్తుంది చెల్లెమ్మా, మీ ఓపిక ఉండాలి” అని ఆయన చెప్పడం. వాళ్లిద్దరూ డెక్ మీద కూర్చుని మాట్లాడుకుంటుంటే నాకు ఈ దేశం సొంతమైపోయినట్టు ఉండేది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం అమ్మ సగ్గుబియ్యం వడియాలు పెట్టింది. గోడ పక్క మూలలో ఎండ బాగా పడుతుందని అక్కడ దుప్పటి పరిచింది. నేను లోపల ఆఫీసు మీటింగ్‌లో ఉన్నాను. పెద్ద చప్పుడు, ఆ వెంటనే అమ్మ కేక వినిపించాయి. పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి గోడ పక్క పలకలు కిందికి కుంగిపోయి ఉన్నాయి. అమ్మ ఒక కాలు తుంటిదాకా ఆ సందులో దిగిపోయింది, ఇంకో కాలు పైన అడ్డంగా మెలిపడి ఉంది. చుట్టూ వడియాలు. “బిడ్డా, కాలు కనబడ్తలేదే” అంది. ఆ మాట నా చెవుల్లోంచి పోదు.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేట్లు వేశారు.

అమ్మని ఆసుపత్రిలో చేర్చి మేం ఇంటికొచ్చిన ఆ సాయంత్రం అంకుల్ వచ్చారు. మావారు, నేను, ఆసుపత్రికి మమ్మల్ని తీసుకెళ్లిన స్నేహితులు ఇద్దరు, అందరం డెక్ దగ్గరే ఉన్నాం. ఆయన వంగి ఆ కంతలోకి చూశారు. చాలాసేపు లేవలేదు. తరవాత నడుం పట్టుకుని లేచి, నా పుదీనా, పచ్చిమిర్చి కుండీల వైపు చెయ్యి చూపించారు. అవి ఆ మూలలోనే ఉండేవి.

“ఇక్కడ కుండీలు పెట్టారు కదమ్మా. రోజూ నీళ్లు పోస్తే అడుగున దిగి చెక్క నానిపోదూ? చెక్కకి గాలి ఆడాలని చెప్తూనే ఉన్నాను కదా.”

మావారు నా వైపు చూశారు. తిట్టలేదు. అలా చూసి తల తిప్పుకున్నారు, అంతే. అది చాలు.

అంకుల్ ఆ కంత మీద ప్లైవుడ్ పలక పెట్టి మేకులు కొట్టారు. “చలికాలం అయ్యేదాకా ఎవరూ దీన్ని కదపకండి. వసంతంలో నేనే వచ్చి చూస్తాను” అని చెప్పి వెళ్లారు.

మా అమ్మ తుంటి నేనే విరగ్గొట్టానని ఆ రోజు నుంచి నమ్మాను. ఆసుపత్రిలో ఆమెకి మూత్రం పాత్ర పెడుతూ నమ్మాను. కుండీలన్నీ చెత్తలో పడేశాను. కొత్తిమీర కొనడానికి వెళ్లి షాపులో పుదీనా కట్ట కనబడితే ఏమీ కొనకుండా బయటికి వచ్చేసేదాన్ని. అమ్మని వీల్‌చెయిర్‌లో పియర్సన్ ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లి పంపించిన రోజు, ఆమె నా తల నిమిరి, “నీ తప్పేం లేదు, నా రాత” అంది. తప్పు లేదని ఆమె అన్నకొద్దీ నాదేనని నాకు మరింత గట్టిగా అనిపించేది. అంకుల్ ఆ చలికాలంలో రెండుసార్లు మా ఇంటికి వచ్చారు. అమ్మ ఎలా ఉందని అడిగారు. నేను ఆయన ముందే ఒకసారి ఏడ్చాను, “నా వల్లే కదా అంకుల్” అని. ఆయన నా భుజం తట్టి, “ఊరుకో అమ్మా, జరగాల్సింది జరిగింది” అన్నారు.

ఆ మాటనే నేను క్షమించలేకపోతున్నాను. ఆ తరవాత మాకు కనబడ్డ కుళ్లిన దూలాన్ని ఎప్పుడో క్షమించేశాను.

మంచు కరిగే సమయానికి అంకుల్‌కి గుండె ఇబ్బంది పెట్టి ఆసుపత్రిలో చేర్చారు. ఇంటికి వచ్చాక కూడా పని చేయకూడదన్నారు. ఆయన కోసం ఆగక్కర్లేదు, మనమే విప్పి చూద్దామన్నారు మావారు. ఒక ఆదివారం ప్లైవుడ్ తీసి, మూలలో పలకలన్నీ ఒక్కొక్కటే విప్పాం. ఇంటి గోడకి ఆనించి డెక్‌ని మోసే పెద్ద దూలం బయటపడింది.

అది దూలంలా లేదు. చేత్తో పట్టుకుంటే రాలుతోంది, తడిసి ముద్దయిన అటుకుల్లా. అయితే నేను చూస్తూ ఉండిపోయింది ఆ కుళ్లుని కాదు. దాని మీద కూరిన రంపపు పొట్టు, జిగురు ముద్దని. ఒకటి కాదు, పొర మీద పొర. ప్రతి పొర మీదా స్టెయిన్ పూత. అన్నిటికన్నా అడుగు పొర మీద ఉన్న స్టెయిన్ మేం ఎప్పుడూ వాడని ఎర్రటి రంగు, మేం ఇల్లు కొనకముందు డెక్‌కి ఉన్నది, మెట్ల అడుగున ఇంకా మిగిలింది. ఆ పొరలన్నిటి మీదా పలచటి, వెడల్పైన బొటనవేలి ఒత్తులు.

వేరే ఎవరికైనా అది మామూలు మరమ్మతులా కనబడి ఉండేది. నాకు ఆ చెయ్యి తెలుసు. ఆ చెయ్యి పక్కన కూర్చునే నేను పని నేర్చుకున్నాను. మేం రాకముందే ఆయనకి తెలుసు. ప్రతి మే నెలలోనూ స్కంక్ పేరు చెప్పి కింద దూరి, ఇంకో పొర వేసి, మోకాళ్లు దులుపుకుని వచ్చి మాతో టీ తాగారు.

“ఇది కుండీల నీళ్ల వల్ల అయింది కాదు” అన్నారు మావారు మెల్లగా. నేను అక్కడే తడి మట్టిలో కూర్చుండిపోయాను.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. అంకుల్ ముందుగదిలో దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. ఆంటీ చేతికర్ర పక్కన పెట్టుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. నన్ను చూసి ఆయన మొహం వెలిగింది. “రా అమ్మా, చూడు నన్ను ఎలా కూర్చోబెట్టేశారో” అన్నారు.

“డెక్ విప్పాం అంకుల్” అన్నాను.

ఆయన నవ్వు అలాగే ఉంది కానీ కళ్లు మారిపోయాయి.

“విప్పారా? నేను వస్తానన్నాను కదా. కుండీల కింద...”

“చెప్పండి” అన్నారు ఆంటీ. చిక్కుడుకాయ మీంచి తల ఎత్తలేదు. “ఆ పిల్లకి చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెప్తాను.”

ఆయన దుప్పటి అంచు సరిచేసుకున్నారు. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

“తెలుసమ్మా. ఇల్లు అమ్మకముందే తెలుసు. ఆ ముందు ఆకురాలు కాలంలో చూశాను. దూలం మార్చాలంటే డెక్ సగం విప్పాలి. అప్పుడే మీ ఆంటీకి స్ట్రోక్. ఆసుపత్రికీ ఇంటికీ తిరుగుతూ... పైపైన కూరి, పూత వేశాను. వసంతం రాగానే మీకు చెప్పి నేనే బాగుచేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నాను.”

“మరి చెప్పలేదేం?”

“మొదటిసారి డెక్ కడిగిన రోజు నువ్వు మీ ఆయనకి చెప్తున్నావు, ‘అంకుల్ చూసిన ఇల్లు, మనకేం భయం లేదు’ అని. నేను కింద నుంచి విన్నాను. అది విన్నాక ఎలా చెప్పను? ఈ ఏడు కాదు, వచ్చే ఏడు అనుకుంటూ...”

“కుండీలు?” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. “కుండీల మాట ఎందుకన్నారంకుల్? నేను ఎంత ఏడ్చానో మీరు చూశారు. మీ ఎదురుగానే కదా ఏడ్చాను.”

ఆయన తన పలచటి బొటనవేలిని ఇంకో చేత్తో రుద్దుకున్నారు.

“నలుగురూ చూస్తున్నారు. నోట్లోంచి వచ్చేసింది. ఒకసారి వచ్చేశాక వెనక్కి తీసుకోవడం చేతకాలేదమ్మా.”

నేను వెళ్లిపోవడానికి లేచాను. గుమ్మం దాకా వెళ్లి ఆగాను. అడగకుండా ఉండలేకపోయాను.

“ప్రతి మే నెలలో మీరు వచ్చింది మా కోసమా, ఆ దూలం కోసమా?”

“నాకూ తెలీదమ్మా” అన్నారు.

ఆ ఒక్క మాట మాత్రం నిజం చెప్పారని నా నమ్మకం. అబద్ధం చెప్పి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ తరవాత ఆయనతో మాట్లాడలేదు. ఆ మే నెలలోనే ఒక శనివారం ఆయన బకెట్టు పట్టుకుని వచ్చారు, డాక్టర్లు వద్దన్నా. కిటికీలోంచి చూశాను. గుమ్మం దగ్గర నిలబడి బెల్లు కొట్టారు. మళ్లీ కొట్టారు. తలుపు తీయలేదు. కాసేపు మా ముందు మెట్ల కటకటాల మీద చెయ్యి పెట్టి, పెచ్చులూడిన చోట గోరుతో గీకి చూసి, వెళ్లిపోయారు. తీయాల్సిందని మీరనుకోవచ్చు. నాకు ఇవాళ్టికీ అలా అనిపించదు. తీస్తే నేను ‘ఊరుకోండి అంకుల్’ అనాల్సి వచ్చేది. ఆ మాట ఆయన నాతో అన్న రోజు నాకు గుర్తుంది.

మీలో చాలామంది అడిగారు, అంకుల్ పుట్టినరోజుకి ఎందుకు రాలేదని, పిక్నిక్‌లో ఎందుకు పక్కకి వెళ్లిపోయావని. ఆఫీసు పని అని చెప్పాను. ఆయన పరువు నేనే కాపాడుతూ వచ్చాను, ఎందుకో తెలియదు. అమ్మకి కూడా చెప్పలేదు. ఆమె ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తుంది. ప్రతి ఫోన్‌లో ఒకటే మాట, “అన్న మంచిగున్నడా బిడ్డా? నేను దవాఖానల ఉన్నప్పుడు నా పాణం కోసం ఎంత తిరిగిండు ఆ మనిషి.” ఆయన పోయారని చెప్పినప్పుడు ఫోన్‌లోనే బోరున ఏడ్చింది. నేను వింటూ కూర్చున్నాను. ఆమె దుఃఖం ఆమెకి ఉంచేశాను.

అంత్యక్రియల హాల్లో ఒకరి తరవాత ఒకరు లేచి మాట్లాడారు. ఎవరి కంచె, ఎవరి వరండా, ఎవరి గరాజ్. అన్నీ నిజమే. ఒకాయన “మా అంకుల్ చెయ్యి పడితే ఆ ఇల్లు పదికాలాలు నిలబడేది” అన్నారు. నేను లేచి బయటి వరండాలోకి వెళ్లిపోయాను. గోడకి ఆనుకుని నిలబడితే మావారు వచ్చి పక్కన నిలబడ్డారు. ఏమీ అనలేదు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆయనని సోఫాలోంచి లేపినది ఆ మనిషే. నాకు అది తెలుసు కాబట్టి నేనూ ఏమీ అనలేదు.

పదకొండో రోజు అయ్యాక ఆంటీ ఫోన్ చేశారు. “ఒకసారి ఆ ఇంటికి తీసుకెళ్తావా? అమ్మేశాక నేను మళ్లీ వెళ్లలేదు” అన్నారు. నిజమే, ఇన్నేళ్లలో అంకుల్ వచ్చేవారు గానీ ఆవిడ ఎప్పుడూ రాలేదు. మెట్లు కష్టం కాబట్టేనని అనుకునేదాన్ని.

నేనే వెళ్లి తీసుకొచ్చాను. ముందు మెట్లు ఒక్కొక్కటే పట్టుకుని ఎక్కించాను. టీ పెడుతుంటే వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని చుట్టూ చూశారు.

“సంచికలో నువ్వు రాయాలమ్మా” అన్నారు. “అందరూ రాసేది వాళ్లు రాస్తారు. ఆయన దగ్గర పని నేర్చుకున్నది నువ్వు. ఆయన చేసిందంతా రాయి.”

“అంతానా ఆంటీ?”

“అంతా. సగం రాస్తే మళ్లీ పూత వేసినట్టే.”

“మీకు కష్టంగా ఉండదా?”

ఆవిడ టీ కప్పు పక్కకి జరిపారు.

“నాకూ తెలుసు కదమ్మా. నేను మాత్రం చెప్పానా? నన్ను ఎత్తుకుని మెట్లు దింపుతున్న మనిషిని నేనేం అడగను? నువ్వు ఆయన మీద కోపం పెట్టుకున్నావు. నా మీద పెట్టుకోలేదు. అదే నాకు నిద్ర పట్టనివ్వదు.”

కోపం లేదని చెప్పడానికి నోరు రాలేదు. ఉందని చెప్పడానికీ రాలేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఎముకలు, సన్నటి చర్మం, చల్లగా.

నిన్న వాన వెలిశాక ముందు వరండా పలకలు చూశాను. చలికాలానికి నెరిశాయి. వచ్చే వారం కడగాలి. ఆయన చెప్పినట్టే కడుగుతాను, గీతలు ఎటు పోతే అటు, మెత్తటి బ్రష్‌తో. ఆయన నేర్పిన దాంట్లో ఒక్క తప్పు కూడా నాకు దొరకలేదు. దీన్ని ఏమనాలో నాకు తెలియదు.

ఆ రోజు టీ తాగాక ఆంటీ కర్ర తీసుకుని లేచారు. వంటింటి తలుపు దగ్గరికి వెళ్లి గడియ తీశారు. నేను కంగారుగా వెనకే వెళ్లాను. మంచు పడేముందే డెక్ మొత్తం తీయించేశాం, కొత్తది ఇంకా కట్టించలేదు. పొరపాటున ఎవరూ అడుగు వేయకుండా తలుపుకి అడ్డంగా నడుం ఎత్తున ఒక పలక కొట్టి ఉంచాం. ఆవిడకి ఆ సంగతి చెప్పేలోపే తలుపు తెరుచుకుంది.

ఆవిడ ఒక చేత్తో ఆ అడ్డపలక పట్టుకుని, ఇంకో చేత్తో కర్ర నొక్కి, గుమ్మంలో నిలబడి కిందికి చూశారు. ఎన్నో ఏళ్లుగా ఎండ చూడని నేల. నున్నగా, నలుచదరంగా, గడ్డి లేకుండా ఉంది. అక్కడక్కడా డాండెలైన్ పూలు అప్పుడే తల ఎత్తుతున్నాయి. గాలికి ఆవిడ శాలువా అంచు ఎగురుతోంది. దిగడానికి మెట్టు లేని ఆ గుమ్మంలో ఆవిడ అలాగే నిలబడి ఉన్నారు, నేను వెనక నుంచి ఆవిడ నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుని ఉన్నాను.